అమెరికా టీవీలో గంజాయి చర్చ – మన్యం యువతకు మా మాట

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



థింసా అయిపోయాక మైకు పట్టుకున్నవాళ్ల మాట ఎవరూ వినరని మాకు తెలుసు. అందుకే విషయం ముందే చెప్పేస్తున్నాం. ఈ రోజు మేము మాట్లాడేది గంజాయి గురించి. "గంజాయి చెడ్డది, మానేయండి" అని చెప్పే ప్రసంగం కాదిది. ఆ మాట చెప్పడానికి పోలీసు వాళ్లున్నారు, కళాజాత వాళ్లున్నారు, బడి గోడల మీద రాతలున్నాయి. మీరు మమ్మల్ని ఊళ్లలో అడుగుతున్న ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి వచ్చాం.

ఆ ప్రశ్న ఇది. "అమెరికాలో దుకాణం పెట్టి గంజాయి అమ్ముతున్నారు, టీవీలో కూర్చుని దాన్ని చట్టబద్ధం చేయాలని పెద్ద పెద్ద నాయకులే వాదిస్తున్నారు. రేపో మాపో మన దగ్గరా అదే జరుగుతుంది కదా, ఈ లోపు మనల్నెందుకు జైల్లో పెడుతున్నారు?" ఫోన్‌లో ఏదో వీడియో చూసి అడిగిన ప్రశ్నే గానీ తీసి పారేసేది కాదు. కాకపోతే సగం జవాబు మాత్రమే తెలిసి, రాత్రి పూట మూట భుజానికెత్తుకున్న కుర్రాళ్లు ఇప్పుడు రిమాండులో ఉన్నారు. మిగతా సగం కూడా మీకు చెప్పాలనిపించింది.

ముందు అమెరికా సంగతి చూద్దాం. అక్కడ జనం మనసు ఎలా మారిందో చెప్పడానికి మూడు టీవీ రాత్రులు చాలు.

మొదటిది 2007 అక్టోబరు 30. అధ్యక్ష పదవికి డెమోక్రటిక్ పార్టీ తరఫున పోటీ పడుతున్నవాళ్లలో చాలామంది ఫిలడెల్ఫియాలో ఒకే వేదిక మీద నిలబడ్డారు. వాళ్లలో క్రిస్ డాడ్ అనే సెనేటర్ అంతకు ముందు ఒక టీవీ కార్యక్రమంలో, గంజాయి దగ్గర పెట్టుకోవడాన్ని నేరంగా చూడకూడదని అన్నాడు. చర్చ నడిపిస్తున్న టిమ్ రస్సర్ట్ దాన్ని గుర్తు చేసి, డాడ్‌తో ఏకీభవించని వాళ్లెవరని అడిగాడు. వేదిక మీద చేతులు లేచాయి. పేరున్న నాయకులు కూడా చెయ్యెత్తారు. గంజాయి వైపు మాట్లాడితే ఓట్లు పోతాయన్న భయం ఆ రోజుల్లో అంతగా ఉండేది.

రెండోది 2015 సెప్టెంబరు 16. ఈసారి రిపబ్లికన్ పార్టీ వంతు. కాలిఫోర్నియాలో జరిగిన ఆ చర్చను సీఎన్‌ఎన్ చూపించింది, రెండు కోట్ల మందికి పైగా చూశారు. అక్కడ రాండ్ పాల్ అనే సెనేటర్ ఒక మాట లేవనెత్తాడు. ఈ వేదిక మీదే కుర్రతనంలో గంజాయి తాగినవాళ్లున్నారని, డబ్బున్న ఇంటి పిల్లలు తాగితే జైలుకు పోరని, పేదవాడల పిల్లలు మాత్రం పోతున్నారని అన్నాడు. తననే అంటున్నాడని జెబ్ బుష్‌కు అర్థమైంది. ఈయన ఒక మాజీ అధ్యక్షుడి కొడుకు, మరో మాజీ అధ్యక్షుడి తమ్ముడు, ఫ్లోరిడాకు గవర్నర్‌గా చేసినవాడు. అవును, నలభై ఏళ్ల కిందట తాగాను అని కోట్ల మంది ముందు ఒప్పుకున్నాడు, మా అమ్మకు ఈ మాట నచ్చదేమో అని నవ్వించాడు కూడా. అదే వేదిక మీద కార్లీ ఫియోరినా అనే ఆవిడ, మత్తుకు బానిసై చనిపోయిన తన సవతి కూతురి గురించి చెప్పింది. ఆ రాత్రి రెండు వైపులా నిజముందని మాకనిపిస్తుంది. మత్తు వల్ల బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాటా నిజమే, ఒకే తప్పుకు ఒకడు గవర్నరై, ఇంకొకడు ఖైదీ అవుతున్నాడన్నదీ నిజమే.

మూడోది 2019 నవంబరు 20, అట్లాంటా. మళ్లీ డెమోక్రాట్లు. జో బైడెన్ అంతకు కొద్ది రోజుల ముందు, గంజాయిని దేశమంతా చట్టబద్ధం చేయడానికి తాను సిద్ధంగా లేనని అన్నాడు. కోరీ బుకర్ అనే నల్లజాతి సెనేటర్ ఆయన మొహం మీదే, ఆ మాట అన్నప్పుడు మీరే మత్తులో ఉన్నారేమో అనుకున్నానని ఎద్దేవా చేశాడు. హాలంతా నవ్వు. తర్వాత నవ్వులాట కాని మాట చెప్పాడు. ఈ దేశంలో హోదా ఉన్నవాళ్లకు గంజాయి ఎప్పుడో చట్టబద్ధమైపోయిందని, మిగిలిన వాళ్లకే అది నేరమని. బైడెన్ వెంటనే, దీన్ని నేరాల జాబితా నుంచి తీసేయాలి, ఈ కేసుల్లో ఉన్నవాళ్లను బయటికి వదలాలి, రికార్డులు చెరిపేయాలి అన్నాడు. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

చూశారా, పన్నెండేళ్లలో ఎంత తేడా వచ్చిందో. 2007లో గంజాయి వైపు మాట్లాడటానికి జంకారు, 2019లో వ్యతిరేకంగా మాట్లాడినవాడు సర్దుకోవలసి వచ్చింది. నాయకులు జనాన్ని మార్చారని మేము అనుకోవడం లేదు. జనం ముందు మారారు, నాయకులు వెనక నడిచారు. గ్యాలప్ అనే సంస్థ 1969 నుంచి అక్కడి జనాన్ని ఇదే ప్రశ్న అడుగుతోంది. ఆ ఏడాది గంజాయిని చట్టబద్ధం చేయాలన్నవాళ్లు నూటికి 12 మంది. 2000లో 31. 2013లో 58. 2023 నాటికి 70. ఆ తర్వాత కొంచెం దిగింది, 2025లో 64. మారిన అభిప్రాయం వెనక్కి కూడా నడుస్తుందని ఈ చివరి అంకె చెబుతోంది.

ఎందుకు మారారు? ఒక కారణం వైద్యం. సీఎన్‌ఎన్‌లో సంజయ్ గుప్తా అనే డాక్టరు ఉన్నాడు, మన దేశం మూలాలున్న కుటుంబం. 2009లో గంజాయికి తాను ఓటెయ్యనని పత్రికలో రాసినవాడు, 2013 ఆగస్టులో నా అభిప్రాయం మారిందని టీవీలోనే చెప్పాడు. కొలరాడోలో మూర్ఛతో అల్లాడుతున్న ఒక చిన్న పాపకు, మత్తు చాలా తక్కువగా ఉండే గంజాయి నూనెతో ఉపశమనం దొరకడం చూపించాడు. ఇళ్లలో తల్లులు అది చూశారు. ఇంకో కారణం అరెస్టులు. అమెరికన్ పౌరహక్కుల సంఘం 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం నల్లవాళ్లూ తెల్లవాళ్లూ దాదాపు ఒకే స్థాయిలో గంజాయి వాడుతున్నా, గంజాయి దగ్గరుందని అరెస్టు కావడం మాత్రం నల్లవాళ్లకు 3.6 రెట్లు ఎక్కువ. పన్నుల ఆశ కూడా ఉంది, దాని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. డబ్బు వస్తుందంటే ఏ ప్రభుత్వమైనా చెవి ఒగ్గుతుంది.

ఇదంతా ఒక్క దెబ్బకు జరగలేదు. 2010లో కాలిఫోర్నియా జనం చట్టబద్ధం చేసే ప్రతిపాదనను ఓడించారు. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ఓటు వేసి గెలిపించాయి. ఇప్పుడు 24 రాష్ట్రాల్లో పెద్దవాళ్లకు గంజాయి చట్టబద్ధం. పెద్దవాళ్లంటే 21 నిండినవాళ్లు. ఈ సంగతి మీరు చూసే వీడియోల్లో చెప్పరు. ఈ హాల్లో ఉన్న చాలామందికి అక్కడి దుకాణంలో కూడా అమ్మరు. ఎదిగే వయసులో గంజాయి మెదడుకు చేసే చెరుపు మీద అక్కడ ఎవరూ వాదించుకోవడం లేదు. అలవాటు ఎంత చిన్నప్పుడు మొదలైతే అంత గట్టిగా పట్టుకుంటుందన్నది రెండు పక్షాలూ ఒప్పుకునే మాట.

ఇక ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట. టీవీలో అందరినీ వదలాలన్న బైడెన్ అధ్యక్షుడయ్యాడు. 2022 అక్టోబరులో కేంద్ర చట్టం కింద గంజాయి దగ్గర పెట్టుకున్న నేరానికి శిక్ష పడినవాళ్లకు క్షమాభిక్ష ప్రకటించాడు. సుమారు 6,500 మందికి రికార్డు మచ్చ పోతుందని చెప్పారు. బాగుంది. కానీ ఆ ఒక్క నేరం మీదే కేంద్ర జైల్లో ఉన్నవాళ్లు ఆ రోజున ఒక్కరూ లేరు. జైళ్లలో ఉన్నది అమ్మినవాళ్లు, పండించినవాళ్లు, రవాణా చేసినవాళ్లు. వాళ్లకు ఆ క్షమాభిక్ష వర్తించలేదు.

రవాణా అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మన పిల్లల మీద పడుతున్న కేసులు తాగినందుకు కాదు, మోసినందుకు. జనాభిప్రాయం అంతగా మారిన దేశంలో కూడా జాలి ముందు తాగేవాడి మీదికి వెళ్లింది. మోసినవాడి దాకా సరిగ్గా రాలేదు.

న్యూయార్క్ రాష్ట్రం కొంచెం వేరుగా ఆలోచించింది. 2022లో మొదటి దుకాణాల లైసెన్సులను, గతంలో గంజాయి కేసుల్లో శిక్ష పడినవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు, అలాంటివాళ్ల కోసం పనిచేసే సంస్థలకు కేటాయించింది. దెబ్బ తిన్నవాడికి ముందు వరుస ఇవ్వాలన్న ఆలోచన మాకు నచ్చింది. అమలులో కోర్టు కేసులు, ఆలస్యాలు చాలా వచ్చాయనుకోండి.

ఇప్పుడు మీకు ఏ టీవీలోనూ సరిగా చూపించని సంగతి. అమెరికాలో మనలాంటి తెగలు ఈ విషయంలో ఏం చేశాయన్నది. ఇది చదివేటప్పుడు మాకు మన ఏజెన్సీయే కళ్ల ముందు మెదిలింది, అందుకే కాస్త నిదానంగా చెబుతాం.

అక్కడి తెగలకు తమ నేల మీద కొంత సొంత పాలన ఉంది. సొంత కౌన్సిల్, సొంత పోలీసు, సొంత కోర్టు. 2014 చివర్లో కేంద్ర న్యాయశాఖ, గంజాయి విషయంలో తెగలు తమ నేల మీద నిర్ణయం తీసుకోవచ్చన్న అర్థంలో ఒక ఉత్తర్వు పంపింది. సౌత్ డకోటాలో ఫ్లాండ్రో శాంటీ సూ అనే చిన్న తెగ సంతోషపడింది. 2015లో తమ నేల మీద గంజాయి పెంచి, పర్యాటకుల కోసం విలాస కేంద్రం కడదామని మొదలుపెట్టారు. పేపర్లలో వచ్చింది, టీవీల్లో వచ్చింది. కేంద్ర అధికారుల నుంచి అభ్యంతరాలు వచ్చేసరికి, ఆ ఏడాది నవంబరులో పండిన పంటను తామే కాల్చేసుకున్నారు. సలహా ఇచ్చిన బయటి నిపుణుడి మీద కేసు పెట్టారు, తర్వాత కోర్టు ఆయన్ని నిర్దోషి అన్నది. అనుమతి ఉందనుకున్న తెగకే ఇలా జరిగింది. ఎవడో నోటిమాటగా "ఏం కాదు, పై వాళ్లతో మాట్లాడాం" అని చెబితే నమ్మే మన కుర్రాళ్ల సంగతి ఆలోచించండి.

అదే రాష్ట్రంలో పైన్ రిడ్జ్ అనే చోట ఒగ్లాలా లకోటా తెగ ఉంది. చాలా పేద ప్రాంతం. సారా వల్ల తరతరాలుగా నాశనమైన నేల, అందుకే అక్కడ మద్య నిషేధం. 2020 మార్చిలో వాళ్లు ఓటు పెట్టుకున్నారు. గంజాయికి అవునన్నారు, మద్యానికి మాత్రం వద్దన్నారు. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మన ఊళ్లలో తల్లులకు వింతగా ఉండదు. ఇప్పసారా, జీలుగు కల్లు పండగకు ఉండొచ్చు గానీ బ్రాందీ షాపు ఊళ్లోకి రాకూడదని కొట్లాడిన ఆడవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఏది తమను చంపింది, ఏది చంపలేదు అన్నది ఆ తెగ తన అనుభవం మీద తూచుకుంది. తూకం మనకు నచ్చకపోవచ్చు, తూచుకునే హక్కు వాళ్లది.

నార్త్ కరోలినాలో తూర్పు చెరోకీలు ఇంకో దారిలో వెళ్లారు. చుట్టూ ఉన్న రాష్ట్రంలో గంజాయి నేరం. ఓటుకు కొద్ది రోజుల ముందు ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు, గంజాయిని అనుమతించే రాష్ట్రాలకూ తెగలకూ రోడ్ల నిధుల్లో 10 శాతం కోయాలని బిల్లు పెట్టాడు. అయినా 2023 సెప్టెంబరులో ఓటు జరిగింది, నూటికి 70 మంది దాకా అవునన్నారు. 2024 ఏప్రిల్‌లో దుకాణం తెరిచారు, మొదట మందుగా వాడేవాళ్లకు, సెప్టెంబరు నుంచి 21 నిండిన అందరికీ. ఆ కంపెనీ తెగది, పండేది తెగ పొలంలో, లాభం తెగది. మధ్యలో షావుకారు లేడు.

నవాహోల నేల మీద దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది. న్యూ మెక్సికోలో షిప్‌రాక్ అనే చోట 2020లో జనపనార లాంటి పారిశ్రామిక పంట పేరుతో పొలాలు మొదలయ్యాయి. నవాహో చట్టం దానికి అనుమతించలేదు. పెట్టుబడి బయటిది, కూలీలు చాలావరకు బయటివాళ్లు, నేల మాత్రం నవాహోలది. పంట గంజాయని తేలింది. నవాహో కోర్టు ఆపమన్నది, నవంబరులో పోలీసులు దిగి మొక్కలు పీకేశారు. ఊరు రెండుగా చీలింది. కౌలు తీసుకున్నవాళ్లు ఒక పక్క, నీళ్లు పోయాయని ఏడ్చిన రైతులు ఒక పక్క.

షిప్‌రాక్ కథ వింటుంటే మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? మన కొండల మీదికి శీలావతి రకం ఎలా వచ్చిందో పెద్దలనడగండి. విత్తనం తెచ్చింది మనం కాదు. అడ్వాన్సు ఇచ్చింది, ఎరువు ఇచ్చింది, కోతకొచ్చాక ధర చెప్పింది బయటివాళ్లు. చోళ్లు, సామలు, పసుపు, రాజ్‌మా వేసుకునే పోడు మీద, సంతకు దారి లేని ఊళ్లు వెతుక్కుని మరీ వేయించారు. జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, చింతపల్లి, జి.కె.వీధి, అటు పక్క ఒడిశాలో మల్కనగిరి, కొరాపుట్. కిలో ధర కొండ దిగే కొద్దీ పెరుగుతూ పోతుంది, కొండ మీద ఉన్నవాడికి దక్కేది మొదటి మెట్టు ధరే. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించారు. చాలా ఊళ్లలో మనవాళ్లే కత్తి పట్టుకుని తమ తోట తామే నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఆ పొగ టీవీల్లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆ పోడు మీద ఏం వేశారు, దానికి ఎంత వచ్చింది అన్నది ఏ టీవీ చూపించింది?

మన తెలుగు ఛానెళ్ల గురించి ఎక్కువ చెప్పం. 2021లో గంజాయి మీద చర్చంటే రెండు పార్టీలు ఒకరినొకరు తిట్టుకోవడమే. నువ్వు పండించావంటే నువ్వు పండించావని. హిందీ, ఇంగ్లిషు ఛానెళ్లయితే 2020లో ఒక సినిమా నటుడి మరణం తర్వాత నెలల తరబడి నటీనటుల ఫోన్లలోని మెసేజీలు చదివాయి. ఆ చర్చల్లో ఏజెన్సీ నుంచి ఒక రైతును గానీ, రిమాండులో ఉన్న పిల్లాడి తల్లిని గానీ కూర్చోబెట్టడం మేము చూడలేదు. అమెరికా టీవీలో కనీసం కోరీ బుకర్ లాంటివాడు నిలబడి తన వాళ్ల లెక్క అడిగాడు. మన లెక్క అడిగేవాడు స్టూడియోలో లేడు.

పార్లమెంటులో అసలు మాటే రాలేదని కాదు. ధర్మవీర గాంధీ అనే పంజాబ్ ఎంపీ 2016లో ఈ చట్టాన్ని సవరించాలని ప్రైవేటు బిల్లు తయారు చేశారు. అది చట్టం కాలేదు. ఉత్తరాఖండ్ కొన్నేళ్లుగా లైసెన్సు మీద సాగుకు ఒప్పుకుంటోంది, హిమాచల్ అసెంబ్లీ 2024లో ఆ దిశగా అడుగేసింది. "అదిగో మన దేశంలోనూ వచ్చేసింది" అని ఇది చూపిస్తారు మీకు. ఉత్తరాఖండ్‌లో లైసెన్సు ఇచ్చేది నార కోసం, గింజ కోసం పెంచే రకానికి. అందులో మత్తు పదార్థం 0.3 శాతానికి మించకూడదు. శీలావతికి దానికి చుట్టరికం ఉందేమో గానీ చట్టం దృష్టిలో సంబంధం లేదు.

మన నెత్తి మీద ఉన్న చట్టం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. ఇది నేటికీ అమలులో ఉంది. దాని లెక్క మీకు నోటికి రావాలి. కిలో లోపు దొరికితే ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల వరకు అయితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల వరకు పడొచ్చు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. మొక్క పెంచినా పదేళ్ల వరకు ఉంది. కొండ మీంచి రోడ్డు దాకా మోసే మూట ఎంత బరువుంటుందో మీలో చాలామందికి తెలుసు. ఒక్క మూటతోనే ఇరవై కిలోలు దాటిపోతుంది. దాటితే బెయిలు దొరకడం చాలా కష్టం. ఈ మనిషి నేరం చేయలేదని నమ్మడానికి కారణం ఉందని జడ్జికే అనిపించాలి, అప్పుడే ఇస్తారు. చార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువు ఉంది, కోర్టు అనుమతితో ఏడాది దాకా పొడిగించవచ్చు. మూట నీది కాదన్నా, లోపలేముందో తెలియదన్నా, ఆ సంగతి నువ్వే నిరూపించుకోవాలి. మామూలు కేసుల్లోలా కాదు.

బైక్ మీద ముందు వెళ్లి పోలీసులున్నారో లేదో చూసి ఫోన్ చేసే పని ఉంది చూడండి, పైలట్ అంటారు. "నేను ముట్టుకోలేదు కదా" అనుకుంటారు. కుట్రలో భాగస్వామికి మూట మోసినవాడితో సమానంగా శిక్ష పడుతుంది. బైక్ కూడా పోతుంది, వాయిదాలు మాత్రం అన్న కడుతూ ఉంటాడు. మేము కలిసిన ఒక ఇంట్లో ఇదే జరిగింది. ఆ ఇంటి అమ్మ నెలకోసారి జైలు ములాఖత్ కోసం బస్సు చార్జీలకు మేకపిల్లను అమ్ముకుంటోంది. కొడుకు తీసుకున్న కూలి, ఆ రెండు మేకల ధరకు సరిపోదు.

చట్టబద్ధం చేయాలా వద్దా అంటే మా సంఘంలోనే రెండు మాటలున్నాయి, దాచడం దేనికి. పెద్దల్లో చాలామంది వద్దంటారు. సారాతో పోయిన ప్రాణాలు చాలు, ఇంకో మత్తుకు దారి ఎందుకంటారు. చదువుకున్న పిల్లల్లో కొందరు, లైసెన్సు ఇచ్చి మనకే సాగు హక్కు ఇస్తే చెరోకీల్లా బాగుపడతాం కదా అంటారు. వాదించుకుంటూనే ఉన్నాం, ఇంకా వాదించుకుంటాం. రెండు పక్షాలూ కలిసేది ఒక్క చోట. ఎప్పుడో ఢిల్లీలో చట్టం మారిందే అనుకోండి, లైసెన్సు ముందు ఎవరికి వస్తుంది? గోదాము, ల్యాబు, లాయరు ఉన్న కంపెనీకా, పదేళ్లు జైల్లో ఉండొచ్చిన మన పిల్లాడికా? ఈ ప్రశ్న ఇప్పుడే అడగకపోతే షిప్‌రాక్ మనకూ వస్తుంది. చట్టం మారకపోయినా అడగవలసింది ఉంది. మూట మోసిన కూలివాడికీ, మోయించినవాడికీ ఒకే శిక్షా? కాఫీ మొక్కలు ఇచ్చారు, సంతోషం, అవి కాపుకొచ్చే మూడు నాలుగేళ్లు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి?

అడగడానికి స్టూడియో అక్కర్లేదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభకు మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నిషేధం పెట్టే అధికారం, అదుపు చేసే అధికారం ఇచ్చింది. గంజాయికి అనుమతి ఇచ్చే అధికారం గ్రామసభకు లేదు, అది కేంద్ర చట్టం పరిధి. కానీ బయటి వ్యాపారి ఊళ్లోకి రాకూడదని తీర్మానం చేయవచ్చు. ప్రత్యామ్నాయ పంటకు ఏం కావాలో ఐటీడీఏకు రాసి పంపవచ్చు. ఊళ్లో ఎంతమంది పిల్లలు ఏ జైల్లో, ఎన్నాళ్లుగా, ఏ దశలో ఉన్నారో లెక్క రాసి తీర్మానానికి జత చేయవచ్చు. ఈ లెక్క ఇప్పటిదాకా మన చేతిలో లేదు. వచ్చే గ్రామసభ నాటికి మీలో ఊరికి ఇద్దరు చొప్పున ఈ పని తీసుకుంటే, మా సంఘం ఆ కాగితాలన్నీ ఒక్క చోట చేర్చి కలెక్టరు గారికి ఇస్తుంది. పేర్లు బయట పెట్టం.

చివరగా రెండు నంబర్లు. షెడ్యూల్డు తెగలవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెట్టుకునే హక్కు 1987 న్యాయసేవల చట్టంలో ఉంది. ఎవరినైనా పట్టుకెళ్లారని తెలిస్తే బ్రోకరు దగ్గరికి పరుగెత్తకండి, 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. ఒంటి మీద సోదా చేసేటప్పుడు మెజిస్ట్రేటు గానీ గెజిటెడ్ అధికారి గానీ ఎదురుగా ఉండాలని కోరే హక్కు ఉంది, ఆ సంగతి పోలీసులే ముందు చెప్పాలి. చెప్పారో లేదో, ఏ టైముకు ఎక్కడ పట్టుకున్నారో లాయరుకు వివరంగా చెప్పండి. అలవాటు పడి మానలేకపోతున్నవాళ్లు ఉంటే 14446. కొద్ది మొత్తంతో పట్టుబడ్డ బానిస తనకు తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి సిద్ధపడితే కేసు నుంచి మినహాయింపు పొందే వీలు ఇదే చట్టంలో ఉంది, సెక్షన్ 64ఏ.

సిగ్నల్ లేని ఊళ్లకు వెళ్లేవాళ్లు ఈ రెండు నంబర్లూ కాగితం మీద రాసుకుని బడి గోడకు, అంగన్‌వాడీ తలుపుకు అంటించండి. కాగితాలు ఆ బల్ల మీద ఉన్నాయి, ఒడియాలో కూడా రాయించాం. ఇక మీరు అడగండి, మేము వింటాం.